పేరు పెట్టవలసి ఉన్నది

ధారాగణకం ఉన్న గదిలో తుమ్మకూడదు. దగ్గకూడదు, నవ్వకూడదు, మాట్లాడకూడదు. చెప్పులు గుమ్మం బయటే వదలాలి. గాజులు తీసి తువ్వాలులో మూటగట్టి పెట్టుకోవాలి. ఈ నియమాలన్నీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి. చదువు రానివాళ్ళకి సైగలతో చెబుతారు, ఎందుకంటే చదివి వినిపించడం కూడా తప్పే.

ఆ పొద్దున పదకొండు గంటల వేళ పల్లంలంక గణనశాలలో కుడుపూడి సత్యవేణి నడిమి అరుగు మీద కూచుని, నాలుగో వరసలో మూసుకుపోయిన నీటిముక్కు ఒకదాన్ని చేత్తో చూపించి కొబ్బరీనెతో మెల్లగా పొడిపిస్తోంది. సరిగ్గా అప్పుడే కడుపులో బిడ్డ మొదటిసారి తన్నింది. ఆమెకి నవ్వొచ్చింది. పమిటచెంగు నోట్లో కుక్కుకుని, కళ్ళు మూసుకుని, ఆ నవ్వుని ఎలాగో మింగేసింది. ఎదురుగా పదహారువేల సన్నటి నీటిధారలు తమ లెక్క తాము చేసుకుంటూ పోతున్నాయి.

సత్యవేణి తాతల కాలంలో లోకంలోని లెక్కలన్నీ సిలికాన్ చిప్పులు చేసేవి. సూర్యుడి మీద తుపాన్లు ఎడతెరిపి లేకుండా రావడం మొదలయ్యాక ఆ చిప్పులు నెల తిరక్కుండా మాడిపోయేవి. కొత్తవి చేసిన కొద్దీ మాడాయి. చివరికి విసుగెత్తి ఆ పనిని నీళ్ళకి అప్పజెప్పారు. సన్నటి ముక్కులోంచి వచ్చే ధారకి అటూ ఇటూ రెండు గోడలుంటే అది ఏదో ఒక గోడని అంటిపెట్టుకుని పారుతుంది. పక్కనించి ఇంకో చిన్న ధార వచ్చి తోస్తే రెండో గోడకి ఒరుగుతుంది. ఎడమకి ఒరిగితే ఔను, కుడికి ఒరిగితే కాదు. రెండు ధారలూ కలిసి తోస్తేనే ఒరిగేదాన్ని జంటతూము అన్నారు. తోపు వస్తే కాదనీ, రాకపోతే ఔననీ చెప్పేది ఎదురుతూము. ఇలాంటి తూములు వేలకొద్దీ వరసగా కడితే అదే గణకం. దానికి కరెంటు అక్కర్లేదు, ఎగువనించి దిగువకి పారే నీళ్ళుంటే చాలు. కోనసీమలో ఆ నీళ్ళకేం కొదవ లేదు.

పల్లంలంక గణకం పని సముద్రపు తలుపులు కాయడం. సముద్రం పెరిగి తీరం మీదికి వచ్చేశాక ముప్ఫైరెండు ఊళ్ళకి ఉప్పునీటి అడ్డుకట్ట కట్టి, అందులో పదిహేడు ఇనపతలుపులు పెట్టారు. పోటు వచ్చేటప్పుడు మూయాలి, పోటు తగ్గినప్పుడు తెరిచి మురుగు వదలాలి. గాలి, గోదావరి మట్టం, వాన, చంద్రుడు అన్నీ చూసి పగలు పదిగంటలు ఏ తలుపు ఎప్పుడు కదలాలో గణకం చెబుతుంది, మిగతా వేళ అన్నీ మూసే ఉంచుతారు. ఒక్క పోటుకి తప్పు చెబితే ఏదో ఒక ఊరి మంచినీళ్ళ చెరువు మూడేళ్ళదాకా నోట పెట్టడానికి పనికిరాదు.

గణకం ఇంకా కొత్తది, పచ్చిగా ఉంది. రాతిపలకల మీద సున్నపుగార పూసి, ఆ గారలో కాలవలు గీశారు. గార పూర్తిగా బిగియడానికి తొమ్మిదినెలలు పడుతుంది. ఆ తొమ్మిదినెలలూ శ్రుతి చేసే కాలం. పాత ఆటుపోట్ల వివరాలు రోజూ గణకానికిచ్చి, జవాబు తప్పితే ఎక్కడ తప్పిందో వెతికి, అక్కడ గారని ఈనెతో వెంట్రుకవాసి గీకేవాళ్ళు. సత్యవేణి ఆ పనిలో దిట్ట. ధార ఒరగడంలో తేడా వస్తే అందరికన్నా ముందు ఆమె కంటికే కనబడేది.

ఇంజినీరు మంథా శేషశాయి మంచివాడు. ఈ కథలో జరిగిన చెడంతా ఆయన మంచితనం దగ్గరే మొదలైంది. సత్యవేణికి నెల తప్పిందని తెలిసిన రోజే ఆయన ఆమెని వరసల మధ్య వంగి తిరిగే పనిలోంచి తప్పించి నడిమి అరుగు మీద కూచోబెట్టాడు. అక్కణ్ణించి అన్ని వరసలూ కనబడతాయి, చేత్తో చూపిస్తే చాలు, మిగతావాళ్ళు గీకుతారు. వీపుకి ఆనుకోవడానికి దిండు కూడా వేయించాడు. రోజుకి పదిగంటల చొప్పున, నెల తప్పిన దగ్గర్నుంచి నెలలు నిండేదాకా, ఆమె ఆ ఒక్క చోటనే కూచుంది. తొమ్మిదో నెల నిండేసరికి గార రాయిలా బిగిసింది, ఇక దాన్ని ఈనెతో గీకడం కుదరదు, ఉలితో గీకితే పగుళ్ళు తప్పవు. పరీక్షకి ఇచ్చిన వెయ్యి పోట్లలో ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. గణనశాల మెట్ల మీద అందరికీ చక్కెరపొంగలి పంచారు. మర్నాడు సత్యవేణి ఆడపిల్లని కంది.

ఆమె పురిటిమంచం మీద ఉండగానే గణకం తప్పడం మొదలుపెట్టింది. మూడోరోజు నిండుపోటు మీద రెండు తలుపులు తెరిచింది. రెండు ఊళ్ళ చెరువుల్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. శేషశాయి నిద్ర మానేసి ముక్కులన్నీ చూశాడు, నీళ్ళు వడగట్టించాడు, మట్టం సరిచూశాడు. ఎక్కడా లోపం కనబడలేదు. కళ్ళు చాలక సత్యవేణికి కబురు పెట్టాడు. పన్నెండోరోజున ఆమె వచ్చింది. చంటిదానికి గంటగంటకీ పాలివ్వాలి కనక ఎత్తుకునే వచ్చింది. లోపలి చల్లదనానికి బిడ్డ పాలు తాగి అలా ఒళ్ళోనే నిద్రపోయింది. ఆ రోజు గణకం ఒక్క తప్పు చెయ్యలేదు.

మర్నాడు బిడ్డని అత్తగారు బుల్లెమ్మ దగ్గర వదిలి వస్తే ఆరు తప్పులు. ఆ మర్నాడు మళ్ళీ బిడ్డతో వస్తే ఒక్కటీ లేదు. సాయంత్రం మెట్ల మీద కూచుని శేషశాయి చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. ఏం జరిగిందో ఆయనకి అప్పటికే అర్థమైంది.

నీటికి వేడి తగిలితే చిక్కదనం మారుతుంది, చిక్కదనం మారితే ధార ఒరుగుడు మారుతుంది. సున్నపుగార బిగిసేది గాలిలోని ఊపిరిని పీల్చుకునే. ఆ తొమ్మిదినెలలూ గది నడుమ కూచున్నది రెండు ప్రాణాల వేడి. వాళ్ళు ఈనెతో గీకిన ప్రతి గీతా ఆ వేడి అక్కడ ఉందనుకుని గీకినదే. గదిలో ఎవరూ లేనప్పుడు గణకానికి ఏదో తక్కువైనట్టుంటుంది. సత్యవేణి ఒక్కతీ ఉంటే ఆ తక్కువ కొంచెం తగ్గుతుందంతే. శేషశాయి చెయ్యని ప్రయత్నం లేదు. వేడినీళ్ళ తిత్తులు పెట్టించాడు, అవి చల్లారిపోయేవి. వేరే తల్లినీ బిడ్డనీ కూచోబెట్టాడు, ఆవిడ ఊపిరి తీరు వేరు. ఒకరోజు ఆయన మతిపోయి మేకనీ పిల్లనీ తెప్పించాడు. అది అరిచిన ఒక్క అరుపుకి పదిహేడు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఆ సంగతి తలుచుకుని ఊళ్ళో నవ్వినవాళ్ళు కూడా లేకపోలేదు, వాళ్ళ చెరువులు అప్పటికింకా బాగానే ఉన్నాయి.

పంతొమ్మిదోరోజున ఆయన సత్యవేణి ఇంటికి వచ్చి వసారాలో కూచున్నాడు. మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. జరిగింది ఏమీ దాచకుండా చెప్పాడు. ముప్ఫైరెండు ఊళ్ళవాళ్ళూ కలిసి తీర్మానం చేశారనీ, తల్లీబిడ్డా రోజూ పదిగంటలు గదిలో ఉండేట్టు, ఎవరు ఎక్కడ పనికి రావాలో ఆజ్ఞలిచ్చే హాజరు గణకానికి తానే హుకుం పంపవలసి వచ్చిందనీ చెప్పాడు. బిడ్డ ఏడవకుండా పాలల్లో మత్తుచుక్క వేస్తారు, డాక్టరు ఒప్పుకున్నాడు. సత్యవేణి భర్త త్రిమూర్తులు లాకు దగ్గర పడవలు దాటించే మనిషి, పెద్దగా మాట్లాడే అలవాటు లేనివాడు. గోడకి ఆనుకుని వింటున్నాడు. సత్యవేణి రెండే రెండు ప్రశ్నలడిగింది.

“ఎన్నాళ్ళండీ?”

“గార ఉన్నన్నాళ్ళూ అమ్మా. సున్నపుగార నూరేళ్ళు నిలుస్తుందని చెప్పే కట్టాం. నీ తరవాత పాప కూచోవాలి. అప్పటికి పాప ఒళ్ళో ఇంకెవరైనా ఉంటారు.”

“లోపల ఎవరం నోరు విప్పం కదండీ. అందులో పెరిగితే నా పిల్లకి మాటలెప్పుడొస్తాయండి?”

శేషశాయి తాగని గ్లాసుని మెల్లగా కింద పెట్టాడు.

ఆయన వెంట వచ్చిన హాజరు గుమస్తా విస్సన్న సంచీలోంచి కొత్త పేరురేకు తీశాడు. పేరురేకు అంటే అరచేతంత రాగిరేకు. దాని మీద పేరుని అక్షరాల్లో కాదు, చిల్లుల్లో రాస్తారు. కోటా దుకాణంలో, ఆస్పత్రిలో, లాంచీరేవులో, బడిలో ఎక్కడికి వెళ్ళినా అక్కడి ధారపెట్టెలో ఆ రేకు దూర్చాలి. నీళ్ళు చిల్లుల్లోంచి పారి ఆ మనిషెవరో తెలుసుకుంటాయి. రేకు లేని మనిషి ఆ నీళ్ళకి కనబడదు. విస్సన్న చిల్లులు కొట్టే మేకు పట్టుకుని, పాప పేరేంటో చెప్పమన్నాడు.

అప్పటిదాకా బిడ్డకి చమురు రాస్తూ కూచున్న బుల్లెమ్మ తల ఎత్తింది.

“ఇరవయ్యొకటో రోజు గానీ మేం పేరెట్టమండి. బారసాల అవ్వాలి కదండీ. అప్పటిదాకా అది మా ఇంట్లో పసిగుడ్డేనండి ఆయ్, మీ లెక్కలోకొచ్చే మనిషి కాదు.”

విస్సన్న ఆచారం తెలిసిన మనిషి. వాళ్ళింట్లోనూ ఇరవయ్యొకటో రోజునే పేరు పెడతారు. తలూపి, మేకు సంచీలో పెట్టేసుకుని, పుస్తకంలో ‘పేరు పెట్టవలసి ఉన్నది’ అని రాసుకుని వెళ్ళాడు. బుల్లెమ్మ ఆ మాట అన్నది ఏదో ఎత్తు వేసి కాదు, ఉన్న ఆచారం ఉన్నట్టు చెప్పింది, అంతే. కానీ సత్యవేణి గణకాల మధ్య పదేళ్ళు పనిచేసిన మనిషి. ఆ మాటలో ఉన్న తూము ఆమెకి వెంటనే కనబడింది.

హాజరు గణకంలో హుకుం ధార ఒకటీ, పేరు ధార ఒకటీ వచ్చి ఒక జంటతూములో కలుస్తాయి. రెండూ ఉంటేనే నీళ్ళు అవతలికి పోతాయి, అవతలికి పోతేనే ఆజ్ఞ పుడుతుంది, ఆజ్ఞ లేనిదే ఎవరినీ బలవంతాన కూచోబెట్టడానికి వీల్లేదు. హుకుం వచ్చేసింది. ఒకసారి గోడని అంటుకున్న ధార దానంతటది వదలదు, ఏళ్ళ తరబడి అలాగే పారుతూ కాచుకుని ఉంటుంది. పేరు మాత్రం రాలేదు. కన్నవాళ్ళు చెప్పిన పేరో, మనిషి తన నోటితో తాను చెప్పుకున్న పేరో తప్ప ఇంకొకరు పెట్టిన పేరు చెల్లదని చట్టం. ఆ చట్టం రాసినవాళ్ళు పేరు చెప్పనివాళ్ళు ఎక్కడైనా ఉంటారని ఊహించలేదు. పిల్లకి పేరు పెట్టని తల్లి ఉంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

ఇరవయ్యొకటో రోజు బారసాల జరిగింది. బిడ్డకి కొత్త చొక్కా తొడిగారు, పళ్ళెంలో బియ్యం పోశారు. ఆ బియ్యంలో తండ్రి ఉంగరంతో పేరు రాయాలి. త్రిమూర్తులు ఉంగరం వేళ్ళ మధ్య పట్టుకుని భార్య వంక చూశాడు. అతను ఎప్పుడో ఒక పేరు అనుకుని ఉంచుకున్నాడు. ఏమిటో ఆమెకీ చెప్పలేదు, బియ్యంలో రాసి చూపిద్దామని. సత్యవేణి తల అడ్డంగా ఊపింది. అతను ఉంగరం మళ్ళీ వేలికి పెట్టుకున్నాడు. వచ్చిన నలుగురూ పరమాన్నం తిని వెళ్ళిపోయారు. గీత పడని ఆ బియ్యాన్ని బుల్లెమ్మ డబ్బాలో పోసేసింది. సత్యవేణి ఆ రోజంతా ఏడ్చింది.

ఆ తరవాత విస్సన్న నెలనెలా వచ్చేవాడు. పేరు పెట్టారా అండీ అని అడిగేవాడు, ఇంకా ముహూర్తం కుదరలేదండీ అని బుల్లెమ్మ చెప్పేది. మొదట్లో ఆయన నమ్మాడు, తరవాత నమ్మినట్టు ఉన్నాడు, ఆ తరవాత గుమ్మంలోంచే పుస్తకంలో రాసుకుని పోయేవాడు. పిల్లని అందరూ పాప అనేవాళ్ళు. ఒకసారి విస్సన్న ఆశపడి ‘పాప’ అనే చిల్లులు కొట్టి చూశాడు. అది పేరు కాదని ధారపెట్టె రేకు బయటికి నెట్టేసింది. కోనసీమలో సగంమంది ఆడపిల్లలు ఆ పిలుపుకి పలుకుతారు మరి.

సత్యవేణి మాత్రం రోజూ గణనశాలకి వెళ్ళేది. ఆమె వెళ్తే తప్పులు సగం తగ్గుతాయి, ఆ మాత్రమైనా చెయ్యకపోతే తాను ఊళ్ళో తలెత్తుకోలేదు. నడిమి అరుగు మీద పదిగంటలు ఖాళీ ఒడితో కూచునేది. ధార తప్పుగా ఒరుగుతున్నప్పుడు ఆమెకి తెలిసిపోయేది. ఫలానా తలుపు తెరుచుకోబోతోందని ముందే తెలిసేది. అరవకూడదు. అరిస్తే ఇంకో నాలుగు తెరుచుకుంటాయి. పైన మెట్ల దగ్గర కాపలా ఉన్నతనికి చెయ్యి ఊపి, అతను పరిగెత్తి తలుపు దగ్గరికి కబురు చేరేసరికి అడుగులోతు ఉప్పునీళ్ళు వచ్చేసి ఉండేవి. నాలుగేళ్ళలో పదకొండు ఊళ్ళ చెరువులు పాడయ్యాయి. ఆ ఊళ్ళవాళ్ళు లాంచీల్లో వచ్చి గణనశాల బయట నిలబడేవాళ్ళు. ఆమె మెట్లెక్కి బయటికి రాగానే ఏమీ అనేవాళ్ళు కాదు, తొలగి దారి ఇచ్చేవాళ్ళు. తిట్టినా బాగుండేదని ఆమెకి అనిపించేది.

పాప పరిస్థితీ అంతకన్నా బాగా ఏం లేదు. రేకు లేదు కనక లాంచీ ఎక్కలేదు. పల్లంలంక చుట్టూ నీళ్ళే, కాబట్టి పుట్టిన దగ్గర్నుంచి ఆ లంక దాటలేదు. జ్వరం వస్తే ఆస్పత్రి పెట్టె మందివ్వదు. విస్సన్న తన మనవరాలి పేరు మీద మందు తీసి, దోవలో మర్చిపోయినట్టు వీళ్ళ అరుగు మీద పెట్టి వెళ్ళేవాడు. ఎక్కడికైనా పారిపోదామంటే పాపకి లంక దాటే దారి లేదు, రేకు ఉన్నా సత్యవేణిని రేవులో ధారపెట్టె దాటనివ్వదు. ఆమె పేరు పక్కన ‘అవశ్యం’ అని, అంటే వదలకూడని మనిషని, చిల్లు ఉంది.

త్రిమూర్తులు తమ్ముడి చేను ఉప్పెక్కిపోయిన ఏడాది, ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూచుని ముద్ద కలపకుండా అన్నాడు.

“ఊరు మొత్తం మనకోసం ఉప్పునీళ్ళు తాగుతోంది సత్యా. ఇంక పేరెట్టేద్దాం. నేనూ వచ్చి మెట్ల మీద కూచుంటాను, రోజూ.”

“మీరు బయట మెట్ల మీద కూచుంటారు. అది లోపల కూచుంటాది,” అంది సత్యవేణి. “వినండి దాన్ని.”

పెరట్లో పాప కోడిపెట్టతో మాట్లాడుతోంది. నిన్న గుడ్డెందుకు పెట్టలేదో సంజాయిషీ అడుగుతోంది. పెట్ట తరఫు జవాబులు కూడా తనే చెబుతోంది, గొంతు మార్చి. ఏడాదికే మాటలొచ్చిన పిల్ల అది. నిద్రలో కూడా ఎవరితోనో తగువులాడుతుంది. వాగుడుకాయ అని బుల్లెమ్మ మురిసిపోతూ తిడుతుంది. త్రిమూర్తులు కాసేపు విన్నాడు. తరవాత ముద్ద కలిపి తిన్నాడు, ఇంకెప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

అయితే ఆ మాటలే సత్యవేణికి భయం. మనిషి తన నోటితో చెప్పుకున్న పేరు కూడా చెల్లుతుందని చట్టంలో ఉంది కదా. ఎవరు అడిగినా పాప అనే చెప్పమని ఆమె రోజూ పిల్లకి నూరిపోసేది. ఇంట్లో బొమ్మలకి పేర్లు పెట్టే ఆటలు ఆడనిచ్చేది కాదు. కథ చెబితే ఒక రాజు, ఒక రాణి అనేదే గానీ వాళ్ళ పేర్లు చెప్పేది కాదు. కోడికి పేరు పెడతానని పాప మారాం చేస్తే చెయ్యి చేసుకుంది కూడా. కొట్టిన చెయ్యిని ఆ సాయంత్రం గోడకేసి కొట్టుకుంది.

పాపకి అయిదేళ్ళు నిండాయి. ఆ ఏడాది జూన్‌లో సత్యవేణి ఒకరోజు గణనశాల నుంచి ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. వసారాలో బుల్లెమ్మ స్తంభానికి చేరగిలబడి కూచుని ఉంది. కోడలిని చూసి లేవకుండానే పెరటి వైపు చూపించింది. పాప పరిగెత్తుకొచ్చింది. మెడలో ఎర్రటి దారానికి కొత్త రాగిరేకు వేలాడుతోంది. ఎండకి తళతళలాడుతోంది.

బుల్లెమ్మ మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు పాప పక్కింటి పిల్లల వెంట బడికి వెళ్ళిందట. బడికి ఆ వారమే కొత్త మాస్టారు వచ్చాడు. ఎగువ నుంచి వచ్చిన మనిషి, ఇక్కడి సంగతులేమీ తెలియవు. రేకు లేని పిల్లని చూసి, అయ్యో నిన్నెలా వదిలేశారమ్మా అని జాలిపడి, దగ్గర కూచోబెట్టుకుని పేరడిగాడు. పాప అని చెప్పింది. అది కాదు, అసలు పేరు చెప్పమన్నాడు. కంగారేం లేదు, ఆలోచించుకుని చెప్పమన్నాడు. అంతకాలం ఆ పిల్లని అలా నిదానంగా అడిగినవాళ్ళు లేరు. అందరు పిల్లలూ తనవైపే చూస్తుంటే పాప ఆలోచించుకుని చెప్పింది. బడిలో ఉన్న పెట్టెతో మాస్టారు అప్పటికప్పుడు రేకు కొట్టించి ఇచ్చాడు. ఆయనా మంచివాడే.

సత్యవేణి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూచుంది. రేకుని చేత్తో పట్టుకుంది. ఆ చిల్లులు ఆమె చదవగలదు, పదిహేనేళ్ళుగా చదువుతున్నదే. కానీ చదవలేదు.

“ఏం పేరు చెప్పావమ్మా?”

“ఇందుమతి.” పాప గొప్పగా చెప్పింది. తరవాత అమ్మ మొహం చూసి, తప్పు చేసినట్టు గొంతు తగ్గించింది. “అది ఎవరి పేరూ కాదమ్మా ఇప్పుడు. బడి పక్కన ఇందుమతి ఉండేది కదా, వాళ్ళ చెరువు ఉప్పయిపోయిందని వాళ్ళు ఎగువకి వెళ్ళిపోయారు. ఆ పేరు ఖాళీగానే ఉంది. అందుకని నేను తీసుకున్నాను.”

సత్యవేణి కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. మాస్టారి మీదా రాలేదు, కునుకు తీసిన ముసలమ్మ మీదా రాలేదు. అయిదేళ్ళు తను దాచిపెట్టిన పిల్ల, మాటలు రావాలని తను దాచిన పిల్ల, తొలిసారి నలుగురిలో నోరు విప్పి చక్కగా స్పష్టంగా మాట్లాడి వచ్చింది. బడిపెట్టె చెప్పిన పేరు కాలవగొట్టాల్లో ఈపాటికి హాజరు గణకం దాకా వెళ్ళి ఉంటుంది. అయిదేళ్ళుగా ఒంటరిగా పారుతున్న హుకుం ధార పక్కకి పేరు ధార వచ్చి చేరి ఉంటుంది. తెల్లారేసరికి ఆజ్ఞ వస్తుంది. పన్నెండు గంటలుందో, పద్నాలుగు గంటలుందో.

బుల్లెమ్మ కళ్ళొత్తుకుని లోపలికి వెళ్ళి దీపం వెలిగించింది. త్రిమూర్తులు లాకు దగ్గర్నుంచి వచ్చి, విని, గుమ్మం మీదే కూచుండిపోయాడు. కాసేపటికి తను బియ్యంలో రాయాలనుకున్న పేరు ఇది కాదని మెల్లగా అన్నాడు. ఏమిటని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇందుమతి బాగుంది, అన్నాడు తరవాత.

పిల్ల అప్పటికే ఆ సంగతి మర్చిపోయి పెరట్లో కోడిపెట్ట వెనక పడింది. సత్యవేణి వంటింటి గుమ్మంలో నిలబడి, అయిదేళ్ళలో మొదటిసారి, పేరు పెట్టి గొంతెత్తి పిలిచింది.

“ఇందుమతీ.”

“ఓయ్,” అంది పిల్ల, చెట్టు చాటునించి.

“ఇందుమతీ.”

“ఆఁ, ఉన్నానమ్మా.”

సత్యవేణి మళ్ళీ పిలిచింది. మళ్ళీ పలికింది. నాలుగోసారి పిల్లకి విసుగొచ్చి, నడుం మీద చేతులేసుకుని గుమ్మం దాకా వచ్చింది.

“ఏంటమ్మా, పనేం లేకుండా ఊరికే పిలుస్తావు?”

“ఏం లేదమ్మా,” అంది సత్యవేణి. “పలుకుతుంటే విందామని.”